మూడు సాళ్ల దూరంలో కోటమ్మ

పోయిన ఏడాది నేను చేసిన ఘనకార్యం ముందే చెప్పేస్తాను. దాచినా దాగేది కాదు.

నేను బెజవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కటకాలు, దర్పణాలు, కాంతి కిరణాలు, ఇరవై రెండేళ్లుగా ఇదే పాట. మూతపడుతున్న ఒక స్టూడియోలో ముచ్చటపడి పాత కెమెరా ఒకటి కొన్నాను. జపాను సరుకు, ఇటుకంత బరువు. వెడల్పాటి ఫిల్ము, రోలుకి ఎనిమిదే ఫోటోలు. ఇందులో లెన్సులోంచి చూడం. పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. కిటికీ మధ్య పసుప్పచ్చటి మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు. రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒకరైపోతారు. అప్పుడు దూరం కుదిరినట్టు. ఇలాంటివాటిని రేంజ్‌ఫైండర్ కెమెరాలంటారు. దీంతో ఒక చిక్కుంది. లెన్సు మీద మూత ఉన్నా కిటికీలో లోకమంతా దివ్యంగా కనిపిస్తూనే ఉంటుంది.

పోయిన ఫిబ్రవరిలో పర్చూరు దగ్గర ఒక ఊళ్లో మిరపకాయలు కోసే ముఠాని చూశాను. ముఠా మేస్త్రి కోటమ్మకి డెబ్బై దాటాయి. పెద్ద కెమెరా చూసి తనంతట తనే అడిగింది. "నేను పోయాక గోడకి పెట్టుకోడానికి ఒక పటం కావాలమ్మా. మా ఆయనకి ఫోటో లేదు. మనవళ్లు ఆయనెట్టా ఉండేవాడని అడిగితే ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా చెబుతున్నారు" అంది. ఇంటికెళ్లి, నీళ్లు పోసుకుని, పట్టుచీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఎనిమిది తీశాను. బెజవాడ వచ్చి కడిగిస్తే ఎనిమిదీ ఖాళీ. మూత తీయలేదు.

ఏ ముఖం పెట్టుకుని ఉత్తరం రాయను? రాయలేదు. ఏడాదంతా పిల్లలకి కటకాల పాఠం చెబుతుంటే ఆవిడ గుర్తొచ్చి ఒళ్లు మండిపోయేది, నా మీద నాకే. మళ్లీ ఫిబ్రవరి రాగానే కాలేజీకి అయిదు రోజులు సెలవు పెట్టాను. మా తమ్ముడు తన డిజిటల్ కెమెరా ఇవ్వబోయాడు. "తీయగానే చూసుకోవచ్చక్కా, ఎందుకీ పంతం?" అన్నాడు. ఆవిడ నమ్మి నిలబడింది ఈ కెమెరా ముందు. దీంతోనే తీసి ఇస్తాను, పంతమంటే పంతమే అన్నాను.

పెదకాకాని

ఆదివారం బయల్దేరాను, అదే నా మొదటి తప్పు. గుడి చుట్టూ పొంగళ్లు వండుకునే జనం, కళ్లలోకి పొగ. నా సంచిలో అయిదు రోలులున్నాయి. బెజవాడలో ఉన్నవన్నీ అవే, ఒక్కోటి తొంభై రూపాయలు. షాపాయన "ఇంక తెప్పించనండీ, కావాలంటే మద్రాసే" అని కూడా చెప్పాడు. అందులో ఒకటి కోటమ్మ కోసం విడిగా జేబురుమాల్లో కట్టి, సంచి అడుగున పెట్టుకున్నాను.

రేపల్లె నుంచి వచ్చిన ముగ్గురు తోడికోడళ్లు ఒకే రకం చీరల్లో గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నారు. ఫోటో తీస్తానంటే ముఖాలు వెలిగాయి గానీ, అంతలో పెద్దావిడ చేయి అడ్డం పెట్టింది.

"ముగ్గురం దిగకూడదండీ. మధ్యలో ఉన్నవాళ్లకి మంచిది కాదు."

నేను సైన్సు మాట్లాడబోయి, గిన్నెలోంచి వస్తున్న నెయ్యి వాసనకి ఆగిపోయాను. మూత గురించి ఏ సైన్సూ నాకు గుర్తు చేయలేదు కదా. నాలుగో మనిషి కోసం వెతుకులాట మొదలైంది. చివరికి కొబ్బరికాయలమ్మే ఆయన్ని దుకాణంలోంచి లాక్కొచ్చారు. ఆయన తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, మధ్యలో కూర్చున్నాడు. "నన్ను మధ్యలో ఎందుకు పెట్టారమ్మా?" అని ఆయన అనుమానంగా అడిగితే, "నలుగురికి మధ్య ఉండదులే అన్నాయ్, కూర్చో" అంది చిన్నావిడ. పొంగలి విస్తరాకులో పెట్టి ఇచ్చారు. మా ఇంట్లో పొంగల్లో మిరియాలు వేస్తాం. ఇది బెల్లం పొంగలి, చేతికి అంటుకుంటే వదల్లేదు. వేళ్లు కడుక్కుని మరీ షట్టరు నొక్కాను.

ఇక్కడినుంచి నొక్కిన ప్రతిసారీ ముందు మూత తీసి నోట్లో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. చూసేవాళ్లకి పిచ్చిదానిలా కనిపించినా సరే.

పిడుగురాళ్ల

రాత్రి గుంటూరులో మా పిన్ని కూతురి ఇంట్లో పడుకుని, పొద్దున్నే పిడుగురాళ్ల బస్సెక్కాను. దారి పొడవునా పత్తి లారీలు. వాటి పక్కనుంచి పోతే బస్సు కిటికీలకి దూది అంటుకుంటుంది. పిడుగురాళ్లలో దిగేసరికి ఆ తెలుపు పోయి ఇంకో తెలుపు వచ్చింది. సున్నం బట్టీల ఊరిది. చెట్లు, కప్పులు, కుక్కలు, అన్నిటిమీదా సున్నం పొడి. హోటల్లో ఇడ్లీ తింటుంటే కొబ్బరి చట్నీ ఎంతవరకు కొబ్బరో తెలియలేదు.

బట్టీ దగ్గర ఏసమ్మ అనే ఆమె తలమీద గంప దించి, కళ్లు చికిలించి నన్ను చూసింది.

"పౌడరు రాసుకోవాలా అమ్మా?"

"ఎందుకూ?"

"అదే చెబుతున్నా. మాకు అక్కర్లా."

పక్కనున్న ఆడవాళ్లంతా ఫక్కున నవ్వారు. నాకూ నవ్వాగలేదు. రెండు రోలులు అక్కడే అయిపోయాయి. ఎంత తెల్లటి వెలుగో చెప్పలేను. నీడలు కూడా తెల్లగానే ఉన్నాయి. మనిషి ముఖం దగ్గర వెలుగు కొలిచే సాధనం నా దగ్గర లేదు. సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్న లెక్కే ఆధారం. ఏసమ్మ తన కొడుకుల పేర్లు, ఊరు, అన్నీ నా పుస్తకంలో రాయించి, "పంపుతావుగా?" అని రెండుసార్లు అడిగింది. ఆ మాట అడుగుతుంటే నాకు కోటమ్మే అడుగుతున్నట్టనిపించింది.

తిరుగు బస్సులో కూర్చోడానికి చోటు లేక, డ్రైవరు పక్కన ఇంజను మీద సంచి పెట్టాను. నకరికల్లు దాటాక గేదె ఒకటి అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. గేదెకేం కాలేదు, సంచి మాత్రం ఎగిరి మెట్ల మీద పడింది.

దిగాక కెమెరా కంటికి పెట్టుకున్నాను. లెన్సు బాగుంది, షట్టరు బాగుంది. పసుప్పచ్చటి మచ్చలో మాత్రం ఎదురుగా ఉన్న టీకొట్టతను ఇద్దరిలా ఒకరి పైన ఒకరు నిలబడ్డాడు. రింగు ఎంత తిప్పినా వాళ్లిద్దరూ కలవలేదు. లోపల ఏదో అద్దం పక్కకి జరిగిపోయింది. దూరం చూసే కన్ను పోయిందన్నమాట.

ఏడవాలనిపించింది, ఏడవలేదు. టీ తాగాను, రెండు రూపాయలు. లెన్సు చుట్టూ అడుగుల్లో అంకెలున్నాయి కదా, దూరం ఎంతో తెలిస్తే చేత్తో పెట్టుకోవచ్చు. కన్ను పోతే చేయి లేదా? పక్కనే బట్టల కొట్లో టేపు అడిగితే అతను అమ్మనన్నాడు. చిలకలూరిపేటలో కొనుక్కుందాం లెమ్మని బస్సెక్కాను. తీరా బస్టాండులో దిగగానే పర్చూరు బస్సు కదలబోతోంది. పరిగెత్తి ఎక్కేశాను. టేపు సంగతి సగం దారిలో గుర్తొచ్చింది.

పర్చూరు దాటాక

రాత్రి పర్చూరులో ఉండి, మర్నాడు పొద్దున్నే బయల్దేరి, దారిలో నాలుగో రోలు పత్తి చేల మీద ఖర్చు పెట్టాను. చివరిసారి పత్తి తీసేశాక మోళ్ల మీద అక్కడక్కడా మిగిలిన దూది. అంచనా మీద తీసినవే అన్నీ. ఎండలో లెన్సు నోరు చిన్నది చేసుకోవచ్చు, అప్పుడు దూరం ఒక అడుగు అటూ ఇటూ అయినా బొమ్మ చెడదు. వెలుగు తగ్గితే మాత్రం నోరు పూర్తిగా తెరవాలి. అప్పుడు అడుగు కాదు, జానెడు తేడా వచ్చినా ముఖం అలుక్కుపోతుంది.

కోటమ్మ ముఠా మిరప చేలో ఉంది. పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసగా, నడుముకి సంచులు కట్టుకుని. గట్టు మీద నన్ను చూసి ముందు నవ్వింది కోటమ్మే. చేయి మాత్రం ఆగలేదు.

"వచ్చావా అమ్మాయ్! ఏదీ నా పటం?"

ఊరినుంచి బయల్దేరినప్పటినుంచీ వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "రాలేదు కోటమ్మగారూ. మూత తీయకుండా తీశాను. తప్పు నాదే. మీకు చెప్పడానికి సిగ్గేసి ఉత్తరం రాయలేదు" అన్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొంత సిగ్గు, కొంత మిరప ఘాటు.

చేలో పద్నాలుగు జతల చేతులు ఆగాయి.

"గిన్నె మీద మూత తియ్యకుండానే వడ్డించావన్నమాట" అంది కోటమ్మ.

చేనంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "పట్టుచీర కట్టుకొస్తే, ఎర్రటి ఎండలో గంట నిలబెట్టావు. ఏడాది ఎదురుచూశా. రోజూ పోస్టుమేన్ని అడిగా. ఆడు నన్ను చూస్తే సైకిలు తిప్పుకుని పొయ్యేవాడు. రాలేదని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?"

ఆవిడ మళ్లీ కోతలో పడింది. ఒక సాలు చివరిదాకా వెళ్లి, సంచి గుమ్మరించి వెనక్కి వచ్చింది.

"ఇంకా ఎన్ని ఉన్నాయి అందులో?"

"ఎనిమిది. అవి మీకే."

"పని ఎగ్గొట్టి రాను. సంచులు దించాక వస్తా. రేపు తెల్లారితే ముఠా నాగులుప్పలపాడు వైపు పోతంది. ఇయ్యాల తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు."

మధ్యాహ్నం వాళ్లతోనే తిన్నాను. జొన్నన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. మా వైపు గోంగూరలో తీపి తగిలేలా ఉల్లిపాయ వేయిస్తాం, ఇక్కడ అలాంటి దాక్షిణ్యాలేవీ లేవు. రెండో ముద్దకి చెవుల్లోంచి పొగ వచ్చింది. కోటమ్మ మజ్జిగ చెంబు నా ముందుకి జరిపింది. కొంచెం కోపం తగ్గిందేమోనని ఆశ పుట్టింది.

సాయంత్రం సంచులు దించేసరికి అయిదున్నర దాటింది. కోటమ్మ ఇంటికెళ్లి తయారై వచ్చేలోపల నేను చోటు చూసుకున్నాను. ఆవిడ చేలో నిలబడాలి, వెనక ఎర్రగా పండిన మొక్కలు, నేను గట్టు మీద. పొద్దు వాలిపోతోంది, లెన్సు నోరు పూర్తిగా తెరవక తప్పదు. దూరం కచ్చితంగా కావాలి. టేపు లేదు. చేను రైతు వెంకటేశ్వర్లుగారు గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"దానికేముందండీ మేడంగారూ! సాళ్లున్నాయిగా. అచ్చు తీసి, గీత గీసినట్టు నాటిన చేను. సాలుకీ సాలుకీ మూడడుగులు, అంగుళం తేడా రాదు. ఈ గట్టు పక్క మొదటి సాలు, అక్కణ్ణించి లెక్కపెట్టుకోండి. మూడు సాళ్లు దాటి నిలబెట్టండి, తొమ్మిదడుగులు."

ఎంత బాగుంది! చేనే టేపు. మొదటి సాలు పక్కనే గట్టు మీద నేను నిలబడ్డాను, రింగు తిప్పి తొమ్మిది మీద పెట్టాను. కోటమ్మ వచ్చింది. నీలం పట్టుచీర, నుదుట సన్నటి విభూతి గీత, తడి జుట్టు ముడి. మూడో సాలు అవతల నిలబెట్టాను. మూత తీశాను, నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ చేతులు కట్టుకుని నిటారుగా, గంభీరంగా నిలబడింది. ఒకటి, రెండు, మూడు, ఊపిరి బిగబట్టి నొక్కుతూ పోయాను. ఏడు అయ్యాయి.

"ఇంకొక్కటే. కదలకండి కోటమ్మగారూ, తొమ్మిదడుగులు సరిగ్గా కుదిరాయి" అన్నాను సంతోషంగా.

ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "తొమ్మిదడుగులా? ఎక్కడ?"

"ఇక్కడే. మూడు సాళ్లు, సాలుకి మూడడుగులు."

"ఎవరు చెప్పిందది?"

నేను వెంకటేశ్వర్లుగారి వైపు చూశాను.

"అది పత్తి అచ్చు!" అని అరిచింది కోటమ్మ. "ఇది మిరప! రెండడుగులు! తాడు పట్టి నారు నాటింది నేను. ముప్పై ఏళ్లు పత్తి ఏసి, ఏసి, ఈ ఏడు చేలో ఏముందో కూడా మర్చిపోయాడు!"

ఏడు ఫోటోలు ఆరడుగుల దూరంలో ఉన్న మనిషిని తొమ్మిదడుగుల్లో వెతికాయి. మొక్కల ఎత్తు నా మోకాలి పైకి ఉంది, దానితో పోల్చుకున్నా రెండడుగులకీ మూడడుగులకీ తేడా తెలియదా నాకు? తెలియాలి. నిన్నటినుంచీ ఎవరో ఒకరు చెబితే బాగుండునని చూస్తున్నాను, చెప్పారు, నమ్మేశాను.

పొద్దు తాటిచెట్ల వెనక్కి దిగుతోంది. కోటమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చేసింది. పూలమ్మే ఆవిడ దండ కొలిచినట్టు మోచేతినుంచి వేలి కొసదాకా చేయి చాపి, నా కెమెరా ముందునుంచి గాలిలో కొలుచుకుంటూ వెనక్కి నడిచింది. "ఒక మూర. రెండు. మూడు. నాలుగు. నాలుగు మూరలు, ఆరడుగులు. పెట్టుకో." ఆగి, తిరిగి నిలబడింది. నేను రింగు ఆరుకి తెచ్చాను. మోచేతులు డొక్కలకి నొక్కి పట్టాను.

సరిగ్గా అప్పుడే గట్టు మీదనుంచి వెంకటేశ్వర్లుగారు, పరువు పోయిందని కాబోలు, "మూడడుగులేనే! నే తీయించిన అచ్చు నాకు తెలవదా?" అన్నారు.

కోటమ్మ తల అటు తిప్పి, వేలు పైకెత్తి, నోరు తెరిచింది. నా వేలు అప్పటికే నొక్కేసింది.

అంతే. రోలు అయిపోయింది, పొద్దు కూడా అయిపోయింది.

"వచ్చిందా?" అంది ఆవిడ.

"కడిగించి, ఎల్లుండి చెబుతాను" అన్నాను. "ఈసారి వచ్చినా రాకపోయినా నేనే వచ్చి చెబుతాను."

ఒంగోలు

ఒంగోల్లో ఒకే ఒక్క ముసలాయన ఇంకా ఇంట్లో డార్క్‌రూం ఉంచుకున్నాడని ముందే వాకబు చేసి పెట్టుకున్నాను. డార్క్‌రూం అంటే వంటింటి పక్క సామాను గది. వెళ్లేసరికి ఆయన ఆవకాయ జాడీలు అందులో సర్దే ప్రయత్నంలో ఉన్నారు. "ఈ నెల్లో మీరే మొదటి మనిషండీ" అని జాడీలు బయట పెట్టారు. ఫిల్ము కడిగి ఆరేశాక, ఇద్దరం కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూశాం.

ఏడు ఫోటోల్లో కోటమ్మ రాణిలా నిలబడి ఉంది. ముఖం మాత్రం నీళ్లలో చూసినట్టు అలికేసి ఉంది. వెనక మిరపకాయలు మాత్రం ఒక్కోటీ కోసుకునేంత స్పష్టంగా వచ్చాయి. ఎనిమిదోది గుచ్చినట్టు ఉంది. కనుబొమ్మ వెంట్రుకలు, ఎత్తిన వేలి మీద పగుళ్లు, అన్నీ. నోరు బారెడు తెరిచి ఉంది.

"ఏడోది పెద్దది చేద్దాం. పెన్సిలుతో కళ్లు, ముక్కు గీస్తాను. గోడ మీద పది అడుగులనుంచి చూస్తే తెలియదు" అన్నారాయన.

"గీతలొద్దండీ. ఆవిడ ముఖం కావాలి."

"పోనీ దీన్నే ఉంచి నోరు మూయించమంటారా? ఆ పాటి టచింగ్ చేయగలను."

"అది ఎవరివల్లా కాదండీ" అన్నాను.

రెండూ పెద్దవి చేయించాను, ఏడోదీ ఎనిమిదోదీ. అవి ఆరేలోపల సింగరాయకొండ దాకా వెళ్లొచ్చాను. కొండెక్కి చూస్తే తూర్పున సముద్రం సన్నటి గీతలా ఉంది. మెట్ల మీద మజ్జిగ అమ్మే ఆమె "ఏందమ్మా, కెమెరా మెళ్లో ఏసుకుని ఊరికే చూస్తన్నావు?" అంది. ఫిల్ము లేదన్నాను. "మరి ఎందుకు మోస్తన్నావు?" అంది. మంచి ప్రశ్నే. మజ్జిగ మూడు రూపాయలు, కరివేపాకు బాగా నలిపి వేసింది.

నాగులుప్పలపాడు వైపు

అయిదో రోజు ఉదయం ముఠా వెతుక్కుంటూ వెళ్లాను. కొత్త చేను పక్కన పాకలో దిగారు. కోటమ్మ కోడలు నులక మంచం మీద జారబడి టీ తాగుతోంది. కోటమ్మ నన్ను చూడగానే చేతులు చెంగుకి తుడుచుకుంది. మిరప చేతులతో ముట్టుకోకూడదని ఎవరూ చెప్పకుండానే, చెంబులో నీళ్లు తీసుకుని మళ్లీ కడుక్కుంది.

ముందు ఏడోది ఇచ్చాను. చాలాసేపు చూసింది. "చీర బాగా వచ్చింది" అని మాత్రం అంది. "ఇంకోటుంది. అందులో మీరు అరుస్తున్నారు. కోప్పడకండి. కావాలంటే మద్రాసునుంచి ఫిల్ము తెప్పించి మళ్లీ వస్తాను, ఎన్నిసార్లయినా వస్తాను" అంటూ ఎనిమిదోది చేతికిచ్చాను.

ఆవిడ పట్టుకున్న పటం మీదికి ముఠా అంతా వంగింది. కోటమ్మ పటాన్ని చేయి చాపినంత దూరం పెట్టి చూసింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. తరవాత లేచి, పటం తీసుకెళ్లి పాక గుంజకి ఆనించి నిలబెట్టింది. సరిగ్గా నులక మంచానికి ఎదురుగా.

మంచం మీది కోడలు తలెత్తి పటం చూసి, టీ గ్లాసు కింద పెట్టి, చటుక్కున లేచి నిలబడింది. తను ఎందుకు లేచిందో తనకే తెలియక అత్తగారి వైపు చూసింది.

కోటమ్మ పకపకా నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగా చూడటం అదే మొదలు.

"ఇదే" అంది నాతో. "ఇదే ఉంచుకుంటా. నేను పోయాక దండేసి దణ్ణం పెట్టుకుని మర్చిపోదామనుకుంటున్నారు వీళ్లంతా."

"మళ్లీ తీయనా, కాస్త నెమ్మదిగా ఉన్నది?" అన్నాను.

"నెమ్మదిగా ఉన్నది ఎవరమ్మా?" అని, ముఠా వైపు తిరిగి వేలెత్తింది. "పొద్దెక్కింది, లేవండి!"